రాత్రి డ్యూటీ, పగటి డ్యూటీ

అరకులో కాఫీ తోటల ఆఫీసరు గణపతిరావుగారికి సభల్లో సేవ గురించి మాట్లాడటమంటే మహా ఇష్టం. ఆయన కొడుకు మల్లేశుకి పదిహేడేళ్లు. నడవలేడు, మాట్లాడలేడు, వారానికి రెండుసార్లైనా ఫిట్స్ వస్తాయి. ఆ కొడుకుని కంటికి రెప్పలా కాచుకుంటున్నానని మైకు ముందు చెప్పి, ఆయన కళ్లద్దాలు తుడుచుకునేవారు. నిజంగా కాచుకునేది రాత్రిళ్లు ఏసుదానం, పగలు లూర్దమ్మ.

ఏసుదానం మిషన్ ఆస్పత్రిలో వార్డుబాయ్‌గా చేసి, డెబ్భై ఎనిమిది వానాకాలంలో ఆ ఇంట్లో చేరాడు. మొదటి రాత్రి గడిచి తెల్లవారి ఆరింటికి, తడిసిన కొంగు పిండుకుంటూ లూర్దమ్మ వచ్చింది. అతను నమస్కారం పెట్టేలోపే దుప్పటి ఎత్తి మల్లేశు మడమలు చూసింది.

"రాత్రంతా ఏటి సేసినావు? మడమలు ఎర్రగా కందిపోనాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని నీకు ఎవులూ సెప్పనేదా?"

అతను తిప్పాడు. మడమల కింద మెత్త పెట్టడమే మరిచాడు. తప్పు తనదే కాబట్టి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం డ్యూటీకి వచ్చేసరికి మల్లేశు చొక్కా మీద జావ మరక కనిపించింది. ఒలక్కుండా జావ పట్టడం మిషన్ ఆస్పత్రిలో నేర్పుతారనీ, కావలిస్తే ఉచితంగా నేర్పుతాననీ చాలా మర్యాదగా చెప్పాడు.

అలా రోజుకి రెండుసార్లు, ఒకరు వచ్చి ఒకరు వెళ్లే పది నిమిషాల్లో పోట్లాట. పదిహేను రోజులకి అది పావుగంటైంది. నెల తిరిగేసరికి అరగంట. డ్యూటీ దిగినవాళ్లకి ఇంటికి వెళ్లే తొందర ఎందుకు తగ్గిందో ఇద్దరూ ఆలోచించలేదు, లేదా ఆలోచించనట్టు నటించారు.

ఇంతలో విశాఖలో ఏదో క్లబ్బువాళ్లు గణపతిరావుగారికి 'ఆదర్శ తండ్రి' అవార్డు ప్రకటించి ఫొటోగ్రాఫర్ని పంపారు. ఆయన కొత్త లాల్చీ వేసుకుని, కొడుక్కి జావ పట్టే భంగిమలో కూర్చున్నారు. మల్లేశుని లేపి కూర్చోబెట్టాలని లూర్దమ్మ చెప్పింది. లేపితే ఆఫీసరుగారి ముఖం కనబడదన్నాడు ఫొటోగ్రాఫరు. ఆయనకీ ఆ మాటే సబబుగా తోచింది. పడుకున్నవాడి నోట్లో చెంచాడు జావ పోశారు.

మల్లేశుకి పొలమారింది. ఊపిరి ఆడలేదు. పెదాలు నీలంగా మారాయి. అప్పుడే డ్యూటీకి వచ్చిన ఏసుదానం పరుగున వెళ్లి అతన్ని పక్కకి తిప్పి వీపు చరిచాడు, లూర్దమ్మ అతని నోట్లోని జావ తీసేసింది. మల్లేశు దగ్గి, ఏడ్చి, ఊపిరి పీల్చాడు. తండ్రి చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయారు. వెలుగు పోతోందని ఫొటోగ్రాఫరు బాధపడ్డాడు.

వసారాలో లూర్దమ్మ జావ అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. ఏసుదానం వాటిని పట్టుకున్నాడు.

"నువ్వు నేకపోతే నాకు సెయ్యాడదు. మనం పెళ్లి సేసుకుందాం."

ఆమె చేతులు లాక్కోలేదు. "నీది రాతిరి డ్యూటీ, నాది పగులు. సేసుకుని ఏటి సేత్తాం?"

"పొద్దున్న ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ కాపరం సేద్దాం."

లూర్దమ్మ నవ్వింది. ఆ నవ్వుతో సంగతి తేలిపోయింది.

అవార్డు ఆ మరుసటి వారమే అందింది. పెళ్లి మాట విన్న గణపతిరావుగారు మాత్రం అడ్డం తిరిగారు. ఇద్దరూ ఒకే రోజు సెలవు పెడితే మల్లేశు గతేమిటన్నారు. సేవలో స్వార్థం పనికిరాదని అరగంట ఉపన్యాసం చెప్పారు. ఆయన భార్య అచ్చియమ్మ అంతా విన్నది.

"పెళ్లి రోజు పగలు నేను చూసుకుంటాను, రాత్రికి మీరుండండి. అవార్డు మీకే కదా ఇచ్చారు," అంది.

చర్చిలో పెళ్లైంది. కొత్త దంపతులకి ఆ రాత్రి మల్లేశు మీద దిగులుతోనే గడిచింది. తెల్లవారుతూనే పెళ్లిబట్టలతోనే వచ్చారు. గణపతిరావుగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు రేగింది, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గట్టిగా మాట్లాడొద్దని సైగ చేశారు.

"ఇప్పుడే పడుకున్నాడు. రాత్రంతా నా వేలు పట్టుకుని వదల్లేదు," అన్నారు. దుప్పటి సర్దుతూ, "ఇకమీదట ఆదివారం రాత్రులు నేనుంటాను, మీరు రావద్దు," అన్నారు.

ఈ పగలు కూడా తానే చూసుకుంటానంది అచ్చియమ్మ. ఇద్దరూ బయటికి వచ్చారు. వాన వెలిసి చాలాసేపైంది. అయినా ఏసుదానం గొడుగు తెరిచాడు, లూర్దమ్మ ఏమీ అడక్కుండా దాని కిందికి వచ్చింది.