రెండు గ్రంథులు లేని సాక్షి

“కాలువ గడ్డకట్టిందా?” గుమ్మంలో నిలబడ్డ ఆవిడ అడిగింది.

“స్కేట్లు అద్దెకిస్తున్నారు,” అన్నాడు ఏజెంట్ గ్లెన్ మెకాస్కిల్, పిస్టల్ దించకుండానే.

కోడ్ సరిపోయింది. మనిషే నచ్చలేదు. ఒటావా హెడ్‌క్వార్టర్స్ డాక్టర్ని పంపుతానంది గానీ, నక్కతోలు కోటూ ఎర్రటి పెదవులతో ఇలాంటి అందగత్తెని పంపుతుందని అతను అనుకోలేదు. పేరు సిమోన్ లారోష్, హార్మోన్ల స్పెషలిస్టు. లోపలికొస్తూనే ఇల్లు కంపు కొడుతోందని ముక్కు మూసుకుంది. గ్లెన్‌కి ఒళ్లు మండింది.

గాటినో కొండల్లోని ఆ సేఫ్ హౌస్‌లో అతను కాపలా కాస్తున్నది ఒక్క ప్రాణాన్ని. హెడ్లీ క్రాండల్ అనే ముసలి కెమిస్టు. హెరాన్ అనే విదేశీ ముఠా నాయకుడి మొహం చూసి బతికి బయటపడ్డది అతనొక్కడే. రేపు పొద్దున్న ఎంక్వయిరీలో ఆ మొహాన్ని గుర్తుపట్టాలి. అందాకా బతకాలి.

బతకడమే కష్టం. ట్యూమర్ వచ్చి అతని అడ్రినల్ గ్రంథులు రెండూ తీసేశారు. ఒంటికి కావలసిన కార్టిజాల్ అనే స్టెరాయిడ్ మాత్రల్లోంచే రావాలి. “జ్వరమొస్తే నీ గ్రంథులు కార్టిజాల్ కుమ్మరిస్తాయోయ్. నాకెవడు కుమ్మరిస్తాడు? వెంటనే సూది పొడవాలి, లేకపోతే బీపీ పడిపోయి పోతాను,” అని రోజూ అదే పాఠం. విని విని గ్లెన్ చెవులు చిల్లులు పడ్డాయి.

ముసలాయన నీరసానికి విటమిన్ ఇంజెక్షన్ ఇస్తానంది సిమోన్. ఏజెన్సీలో ఒక ఆచారం ఉంది. సాక్షికి ఏది పెట్టాలన్నా తెచ్చినవాళ్లు ముందు తమ మీద చూపించాలి. వంటవాడికైనా డాక్టరుకైనా అదే రూలు. ఆవిడ నవ్వుతూ చొక్కా చెయ్యి మడిచి, అదే సీసాలోంచి పొడుచుకుంది. కాసేపు చూశాడు గ్లెన్. ఆవిడ కులాసాగా బఠాణీ సూప్ తాగుతోంది. సరే, కానిమ్మన్నాడు. ఎంత బుద్ధి తక్కువ పని!

సూప్ చల్లారేలోపే సిమోన్ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చలి అంది. పొయ్యి పక్కనే కూర్చున్న మనిషికి చలేమిటి? ఆ తర్వాత ముసలాయన వణకడం మొదలుపెట్టాడు. ఆవిడ బుగ్గలు జ్వరంతో ఎర్రబడ్డాయి. అతని మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది, నాడి అందడం లేదు.

గ్లెన్ దిగ్గున లేచాడు. “సీసాలో ఏం పెట్టావే?”

“చచ్చిన బ్యాక్టీరియా,” అంది సిమోన్. చేతిలోకి చిన్న పిస్టల్ వచ్చేసింది. “ఉడకబెట్టినా వాటి పైపొర విషం పోదు. ఒంట్లో మంట రేపుతుంది. నా గ్రంథులు దాన్ని ఆర్పుకుంటాయి, నాకొక పూట జ్వరం. ఆయనకి ఆర్పేవాళ్లు లేరు. పోస్టుమార్టంలో ఫ్లూ అని రాస్తారు. కూర్చో.”

“ఆయన సంచీలో సూది ఉంది.”

“ఉండేది. మంచులో పారేశాను.”

క్రాండల్ మూలుగుతూ గుండెల మీద తట్టుకున్నాడు, మళ్లీ తట్టుకున్నాడు. నొప్పి అనుకుంది సిమోన్. గ్లెన్‌కి తట్టింది. ఈ దేశపు చలిలో సంచీలో మందు గడ్డకడుతుంది. అందుకే ఇక్కడి రోగులు ఇంకో సూది బనీను లోపల, ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. పరాయి దేశంలో చదివొచ్చిన ఈ స్పెషలిస్టుకి అది తెలియలేదు.

సూప్ గిన్నె ఆవిడ మొహం మీదికి విసిరాడు. పిస్టల్ పేలింది. కానీ వణికే చేతికి గురెక్కడ కుదురుతుంది? గుండు కిటికీని పగలగొట్టుకుని పోయింది. ఒక్క గుద్దుతో ఆవిణ్ణి పడేసి, ముసలాయన బనీను చించి, లోపలున్న సూదీ మందు సీసా తీసి, మూత నొక్కి పొడీ నీళ్లూ కలిపి, తొడలో పొడిచాడు.

ఏమీ కాలేదు. మొహం పాలిపోయే ఉంది. “చావకు ముసలోడా, నీ కాళ్లు పట్టుకుంటా,” అని బతిమాలాడు గ్లెన్. ఫోన్ చేసి పిలిచిన అంబులెన్స్ వాళ్లు వచ్చి సెలైన్ ఎక్కించాక గానీ నాడి నిలబడలేదు.

మర్నాడు క్రాండల్ చక్రాల కుర్చీలో ఎంక్వయిరీకి వెళ్లి, ఫొటోలో మొహం మీద వేలు పెట్టాడు. సెల్‌లో సిమోన్ జ్వరం తగ్గిపోయింది. ఆవిడకి ఇప్పుడెలా ఉందని అక్కడి డాక్టరు అడిగితే గ్లెన్ జవాబు చెప్పాడు.

“దివ్యంగా ఉందండీ. ఆవిడలో నమ్మకంగా డ్యూటీ చేసినవి ఆ రెండు గ్రంథులే.”