చేతికి లేని తొడుగు

ఎండ సైరన్ మోగేలోపు పిల్లలంతా పందిరి కిందికి చేరాలి. 2078లో ఒంగోలులో అది చట్టం. సైరన్ తర్వాత వీధిలో పిల్లలు కనిపిస్తే ఇంటికి నోటీసు వస్తుంది. అందుకని మే నెలలో తల్లులు పొద్దున్నే పిల్లలకు పెరుగన్నం పెట్టి, నీళ్ల సీసా భుజాన తగిలించి, వేసవి శిబిరం బస్సు ఎక్కించేవారు.

ఒకప్పుడు ఎడ్ల పందేలు జరిగిన మైదానంలో ఆ శిబిరం నడిచేది. మైదానం మొత్తం మీద నీడపందిరి కప్పారు. అది ఎండను కరెంటుగా మారుస్తుంది, ఆ కరెంటుతోనే కింద చల్లగాలి తిరుగుతుంది. పొద్దున పూట పిల్లలు వర్క్‌షాపులో కూర్చుని తమ కాలి తొడుగులు తామే విప్పి, కుట్టి, పరీక్షించుకుంటారు. మధ్యాహ్నం భోంచేసి కాసేపు పడుకుంటారు. లేచాక అవే తొడుక్కుని ఖోఖో ఆడతారు.

ఆ తొడుగు పేరు సమపాదం. ఇంజినీర్లు ఎక్సో స్లీవ్ అంటారు. తొడ నుంచి చీలమండ దాకా వచ్చే మేజోడు లాంటిది. దాని అల్లికలో కండర నూలు ఉంటుంది. కరెంటు తగిలితే ఆ పాలిమర్ దారం కండ బిగిసినట్టే బిగుస్తుంది. కోర్టులో ఉన్న తొడుగులన్నీ ఒకదాని వేగం ఒకదానికి చెప్పుకుంటాయి. వెంటపడేవారి వేగానికి పరుగెత్తేవారి వేగం ఎంత తక్కువైతే అంత బలం కలుపుతాయి. దీనికి ఎదురు పని కూడా ఆ నూలుకు చేతనవును. వేగంగా పోయే కాలిని వెనక్కి లాగి ఆపగలదు. అది పిల్లల మీద వాడకూడదని ఆ మీటను లోపల పెట్టి కుట్టేశారు.

సమపాదాన్ని తయారుచేసింది డాక్టర్ వకుళ. మోకాళ్లు అరిగినవారి కోసం మొదలుపెట్టిన పని అది. పిల్లల మీద మొదటి ప్రయోగం ఈ శిబిరంలోనే. కాళ్లు సమానమైతే ఆటలో మిగిలేవి కళ్లు, బుర్ర అనేది ఆమె వాదన. ఖోఖో నేర్పే యలమంద సారు ఆ వాదనకు అడ్డు చెప్పలేదు కానీ, మెడలో ఈల మాత్రం తీయలేదు. ఆ ఈలతో ఆయనకిప్పుడు పని లేదు. ఎవరు ఔటో కోర్టు చివరి స్తంభంలో ఉన్న యంత్రం చెబుతుంది. పిల్లలు దాన్ని తీర్పరి అంటారు.

ఆమనికి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే ఎడమకాలి పిక్కలో కండ తక్కువ. వాళ్ల వీధి ఆటల్లో ఆమని ఎప్పుడూ అరటిపండే. పరుగెత్తలేనివారిని పిల్లలు ఆటలో కలుపుకుంటారు కానీ లెక్కలోకి తీసుకోరు. అరటిపండు దొరికినా దొంగ కాదు, ముట్టుకున్నా ఔట్ కాదు. ఆటకు ముందు ఎవరు దొంగో తేల్చే పంటలు వేసుకోవడానికి అందరూ చేతులు కలుపుతారు. అరటిపండు పక్కన నిలబడి చూస్తుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. వీధుల మీద పందిళ్లు వచ్చాయి, బడుల్లో యంత్రాలు వచ్చాయి. అది మాత్రం పోలేదు.

కాలి కొలత తీసుకునే రోజున ఆమని వకుళను ఒకటే అడిగింది.

"ఇది వేసుకుంటే నన్ను ఔట్ చేస్తారా మేడమ్?"

ఔట్ కాకుండా ఉండటానికే కదా తొడుగు అని వకుళ నవ్వింది.

"కాదు. ఔట్ చెయ్యాల," అంది ఆమని.

మొదట్లో తొడుగును పరీక్షించుకునేటప్పుడు పడింది. మోచేతులు గీసుకుపోయాయి. తర్వాత ఆ కాలు ఎప్పుడు బిగుస్తుందో ఒంటికి తెలిసింది. స్తంభం చుట్టూ తిరగడం వచ్చింది. వర్క్‌షాపులో అందరికంటే ముందు నూలు మార్చడం నేర్చుకుంది. మిగతా పిల్లలు తమ తొడుగులు పాడైతే ఆమె దగ్గరికే తెచ్చేవారు. మధ్యాహ్నం ఆటలో మాత్రం ఆమెను ఎవరూ ఔట్ చేయలేదు. ఒక వారం గడిచింది, రెండో వారమూ గడిచింది. పందిరి కింద బోర్డు మీద ఔట్ కానివారి పేర్లలో ఆమె ఒక్కతే మిగిలింది. వాళ్లమ్మ బస్సులో పిల్లలందరికీ మైసూరుపాకు పంచింది. ఆమని తినలేదు.

మర్నాడు తొడుగు మడిచి తెచ్చి వకుళ బల్ల మీద పెట్టింది. ఇది పనిచేయడం లేదని చెప్పి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది.

వకుళ తొడుగును పరీక్షించింది. నూలు బాగానే ఉంది. తీర్పరిని అడిగింది.

"నిన్నటి ఆటలో ఆమని తొడుగు ఎంత బలం ఇచ్చింది?"

"ఏమీ ఇవ్వలేదు," అంది తీర్పరి. "అవసరం రాలేదు. వెంటపడేవారి వేగం ఆమె సొంత వేగానికి సమానంగా ఉంది."

"పిల్లలు అలసిపోయారా?"

"లేదు. వాళ్ల గుండె వేగం పెరగనే లేదు. ఆమె వెనక వాళ్లు పరుగెత్తడం లేదు. నడుస్తున్నారు."

తీర్పరే ఉపాయం చెప్పింది. వెంటపడేవారి తొడుగులకు వేగం పెంచితే వాళ్లు నెమ్మదిగా నడవలేరు. ఆ మధ్యాహ్నం అలాగే చేశారు. తొడుగులు పిల్లల్ని తోశాయి, ఆమని తొడుగు కూడా ఆటలో మొదటిసారి పూర్తిగా బిగిసింది. ఆమె పరుగెత్తింది. ఆమె వెనక కోటి పరుగెత్తాడు. కోటి ఆమని వాళ్ల వీధివాడే, శిబిరంలో అందరికంటే వేగం గలవాడు. స్తంభం దగ్గర ఆమెను అందుకున్నాడు. చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆమె వీపుకు వేలెడు దూరంలో ఆగింది. ఆమె దాటిపోయింది.

తర్వాత వచ్చిన పిల్ల చెయ్యి కూడా అక్కడే ఆగింది.

"చేతికి తొడుగు లేదు," అంది తీర్పరి, వకుళ చెవికి పెట్టుకున్న చిన్న స్పీకర్‌లో.

యలమంద కోటిని పక్కకు పిలిచాడు.

"ఏరా, చెయ్యెందుకు లాక్కున్నావు?"

"నేను లాక్కోలా సార్. అదే రాలా."

"ఎవరన్నా చెప్పారా ముట్టుకోవద్దని?"

ఎవరూ చెప్పలేదన్నాడు కోటి. ఆమని ముందునుంచీ అరటిపండే కదా అన్నాడు. ఈసారి ముట్టుకుని తీరాలని యలమంద గట్టిగా చెప్పాడు. మరుసటి ఆటలో కోటి వెళ్లి, నిద్రపోయేవాళ్లను లేపినట్టు రెండు వేళ్లతో ఆమె భుజం తాకాడు. తీర్పరి ఔట్ అని ప్రకటించింది. ఆమని కోర్టు వదిలి బయటికి రాలేదు.

"సారు చెప్తే ముట్టుకున్నాడు. అది ఔటా?" అని యలమందను అడిగింది.

శిబిరం చివరి రోజున తల్లిదండ్రులు వచ్చారు. ఆ పొద్దున వర్క్‌షాపులో కోటి తన కుడికాలి తొడుగు వదులైందని ఆమనికిచ్చాడు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కుట్టింది.

మధ్యాహ్నం ఆటలో ఆమని జట్టు తరమాలి, కోటి జట్టు తప్పించుకోవాలి. ఆమని గడిలో కూర్చుంది. వెనకనుంచి ఒకమ్మాయి వీపు తట్టి "ఖో" అంది. ఆమని లేచి కోటి వెంటపడింది.

కోటి నాలుగు అంగలు వేసి తడబడ్డాడు. బురదలో దిగబడినట్టు కుడికాలు ఈడ్చుకుంటూ పోయాడు.

"కోటి తొడుగు ఎదురు తిరిగింది," అంది తీర్పరి వకుళ చెవిలో. "లోపలి మీట కుట్టు విప్పారు. ఆపమంటారా?"

"పడతాడా?"

"పడడు. ఆమని వేగానికి దిగుతాడు."

"తొడుగు ఉన్న ఆమనికా, లేని ఆమనికా?"

"లేని ఆమనికి."

వకుళ గోడ దగ్గర నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. "ఉండనీ," అంది.

గడుల్లో కూర్చున్న పిల్లలు మొదట నవ్వారు. అన్నం తినలేదారా అని ఒకడు అరిచాడు. కోటి రెండో స్తంభం వైపు కుంటుకుంటూ వెళ్తుంటే ఆ నవ్వు ఆగిపోయింది. ఆ నడక వాళ్లకు తెలిసిందే. రోజూ వీధిలో చూసేదే.

ఆమని అతన్ని సులువుగా అందుకుంది. చెయ్యి ఎత్తింది. అతని చొక్కా చెమటకు వీపుకు అంటుకుని ఉంది. శ్వాస గట్టిగా వినిపిస్తోంది. వేలెడు దూరంలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

దెబ్బ కోసం బిగుసుకుని ఉన్న కోటి వెనక్కి తిరిగాడు. మొహం ఎర్రబడింది.

"ముట్టుకోవేందే? నేనేమన్నా అరటిపండునా?"

ఆ మాట అనేసి ఆగిపోయాడు. ఆమని తన చెయ్యివైపు చూసుకుంది.

"రాలా కోటీ," అంది. "నిన్ను ఏడిపియ్యాలనే కుట్టా. చెయ్యి రాలా."

కోటి కోర్టు మధ్యలోనే చతికిలబడ్డాడు. కుడికాలి తొడుగు లాగి పారేశాడు, ఎడమకాలిదీ తీశాడు. ఆమని పక్కనే కూర్చుని తన తొడుగు విప్పింది. అప్పటికి గడుల్లోని పిల్లలు కూడా విప్పడం మొదలుపెట్టారు. యలమంద వకుళవైపు చూశాడు. విప్పనివ్వమన్నట్టు ఆమె తల ఊపింది.

లేచి పంటలు వేసుకోవడానికి గుండ్రంగా నిలబడ్డారు. ఆమని అలవాటు ప్రకారం పక్కకు జరిగింది. కోటి చెయ్యి చాపి ఉంచాడు. మిగతావారి చేతులన్నీ వచ్చినా పంట వెయ్యలేదు.

"నీ చెయ్యేదే?" అన్నాడు.

ఆమని వచ్చి చెయ్యి కలిపింది.

"తొడుగులు లేవు," అని స్తంభంలోంచి తీర్పరి హెచ్చరించింది. "ఆటగాళ్లు సమానంగా లేరు. ఈ ఆట లెక్కలోకి రాదు."

"లెక్కలోకి రానిది నువ్వు," అన్నాడు కోటి. "కాసేపు నువ్వే అరటిపండు. గమ్మునుండు."

పిల్లలు నవ్వారు. తీర్పరి గొంతు తగ్గించి వకుళ చెవిలో అడిగింది.

"అరటిపండు ఏం చేయాలి?"

"వాళ్లతో ఆడుకోవాలి. అంతే."

కోటికి తరిమే వంతు వచ్చింది. ఆమని పరుగెత్తింది. పరుగంటే ఆమె పరుగే, ఎడమకాలు ఒక పక్కకు పోతూ. స్తంభం దాకా కూడా చేరలేదు. కోటి అరచెయ్యి వీపు మీద చెళ్లుమంది. ఆమె బోర్లా పడింది. వాళ్లమ్మ కుర్చీలోంచి లేవబోయింది. యలమంద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమని లేచింది. గడ్డానికి అంటిన మట్టి తుడుచుకుంది. చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకుంది. బయట గీత దగ్గరికి నడిచి వెళ్లి, ఔటైనవాళ్ల వరసలో చివర కూర్చుంది. పక్కనున్న పిల్ల జరిగి చోటిచ్చింది.

"ఆమని ఔట్," అంది తీర్పరి.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆట సాగుతూనే ఉంది.