దుప్పటి కప్పిన పాట

గురువారం ఉదయం ఎనిమిదింటికి ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టరులో ఎప్పటి హడావిడే. సుభాషిణి టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటూ వంటింట్లోంచి ఏదో అంది. ప్రవల్లిక చెప్పులు వేసుకుంటూ గుమ్మం వైపు తిరిగి ఇంకేదో అంది. టేబులు ముందు కాఫీ గ్లాసుతో కూర్చున్న భీమశంకరం ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు చెప్పాడు.

"ఆఁ, అలాగే."

తల్లి ఆఫీసు బస్సుకీ, కూతురు గుర్‌గావ్ క్యాబ్‌కీ వెళ్ళిపోయారు. సాయంత్రం ఆరున్నర దాకా ఇక ఆ ఇంట్లో భీమశంకరం ఒక్కడే.

ఆయన కేంద్ర ప్రభుత్వంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. ఆఫీసు కార్ల లెక్కో ఫైళ్ళ లెక్కో కాదు, ధ్వని పరికరాల విభాగం. పెద్ద పెద్ద సభల్లో మైకు కుయ్యిమన్నా, రికార్డింగులో బుర్రుమన్నా ఆయన్నే పిలిచేవారు. మీటరు తీయకముందే చెవితో విని జబ్బేమిటో చెప్పేసేవాడు. రిటైరై మూడేళ్ళయింది. భార్యకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది కనుక క్వార్టరు ఇప్పుడు ఆవిడ పేరు మీదికి మారింది. ఆ సంగతి ఆవిడ పొరపాటున కూడా ఎత్తలేదు. ఈయనే రోజుకొకసారి గుర్తు చేసుకుని ముఖం ముడుచుకునేవాడు.

అసలు బాధ క్వార్టరు కాదు. ఇల్లు మూగబోయింది. ఒకప్పుడు వంటింట్లో గిన్నెలకన్నా ఎక్కువ చప్పుడు చేసే తల్లీకూతుళ్ళు ఈ రెండేళ్ళలో గొంతులు తగ్గించేశారు. భోజనాల దగ్గర తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. ఆ నవ్వు చూశాక గానీ ఏదో మాట జరిగిందని ఈయనకు తెలియదు. మొదట్లో ఏమిటని అడిగేవాడు. చెప్పేవారు. ఇంకోసారి అడిగితే మళ్ళీ చెప్పేవారు. మూడోసారి అడిగితే ఇద్దరి నుదుళ్ళూ ముడతలు పడేవి, "ఏం లేదులెండి" అనేసేది సుభాషిణి. భీమశంకరానికి అదేదో తలుపు మొహం మీద వేసినట్టుండేది. పనిలేనివాడితో ఏం మాట్లాడతారులే అనుకున్నాడు. పంతం మనిషి కనుక అడగటం మానేశాడు. ఎవరేమన్నా తలూపి, అలాగే అనటం నేర్చుకున్నాడు. దాంతో ఎవరి నుదురూ ముడతలు పడలేదు. ఎవరూ ఏమీ చెప్పనూ లేదు.

అలాంటి ఒక పగటిపూట, రెండు నెలల క్రితం, ఆయనకు సుభాషిణి గొంతు వినాలనిపించింది. తొంభై నాలుగులో తెలుగువాళ్ళ ఉగాది సభలో ఆవిడ పాడిన పాట. తన చేత్తో తానే రికార్డు చేసిన క్యాసెట్టు. పెళ్ళయిన కొత్తలో కొన్న, టేపు డెక్కుతో కూడిన చెక్కపెట్టె యాంప్లిఫయరు దుమ్ము తుడిచి, క్యాసెట్టు వేసి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పాట వచ్చింది. కానీ పాడుతున్న మనిషి మీద ఎవరో దళసరి దుప్పటి కప్పినట్టు వచ్చింది. అక్షరాల అంచులన్నీ అరిగిపోయాయి. గొంతులో ఆ తళుకే లేదు.

పెట్టె విప్పి చూస్తే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ముప్పై ఏళ్ళనాటివి. చిటికెన వేలంత గొట్టాలు. లోపల తడి ఉన్నంతకాలమే వాటికి ప్రాణం. ఎండిపోతే పైకి బాగానే కనిపిస్తాయి, పని మాత్రం చేయవు. రెండు మూడింటి నెత్తి ఉబ్బింది కూడా. దొంగ దొరికాడనుకున్నాడు భీమశంకరం.

కెపాసిటరును ఎన్నుకోవటం ఆయన దృష్టిలో సంతలో వంకాయలు ఏరటంకన్నా చాలా పెద్ద వ్యవహారం. దాని కొలత, అంటే మైక్రోఫారడ్లు, అసలు దానితో సరిపోవాలి. వోల్టేజి ఒక మెట్టు ఎక్కువే ఉండాలి, తక్కువుంటే పేలుతుంది. ఎనభై అయిదు డిగ్రీల వేడికి తట్టుకునేది పక్కన పెట్టి నూట అయిదుకు తట్టుకునేది తీసుకోవాలి. లావెక్కువైతే బోర్డు మీద పట్టదు. కాళ్ళ మధ్య ఎడం కుదరాలి, మైనస్ గీత ఎటుందో చూసి మరీ పెట్టాలి. అన్నిటినీ మించి అది అసలుదై ఉండాలి. నకిలీలకు పైన తొడుగు ఒకటి, లోపల సరుకు ఒకటి.

మొదటి విడత దగ్గరి దుకాణంలో కొన్నాడు. దుప్పటి పోలేదు. రెండో విడత పాత ఢిల్లీ వెళ్ళి వెతికి తెచ్చాడు. పోలేదు. ఇక మూడోసారి పాత సహోద్యోగి రాజగోపాల్‌ను పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద పాతికేళ్ళు టంకం వేసినవాళ్ళు. రాజగోపాల్ ఎవరినో అడిగి, పాటల పెట్టెలకే ప్రత్యేకంగా చేసిన జపాను సరుకు తెప్పించి పంపాడు. పంపుతూ, కెపాసిటర్ ఎండితే ముందు డోలు మోతలాంటి అడుగు స్వరం పోవాలి గదా, నీకు సన్నటి పై స్వరం పోవటమేమిటి, టేపును చదివే హెడ్ చూశావా అని ఒక సందేహం వెలిబుచ్చాడు. హెడ్ తుడిచాను, కోణం సరిచేశాను, నాకు చెప్పకు అన్నాడు భీమశంకరం.

ఆ మూడో విడత ఈ గురువారమే పగలు చేరింది. ఒక్కొక్కటీ మీటరు మీద పెట్టి చూశాడు. అన్నీ దివ్యంగా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయి టంకం వేశాడు. క్యాసెట్టు వేశాడు.

అదే దుప్పటి.

మీటరు తప్పు చెప్పదు. తన చెవి తప్పు వినదు. అందువల్ల రాజగోపాల్ నకిలీ సరుకు అంటగట్టాడు. ఆయన తర్కం అంత చక్కగా నడిచింది. ఫోను చేసి ఆ మాటే అనేశాడు. అవతల రాజగోపాల్ ఏదో చెప్పబోయాడు. ఫోన్లో వాడు కూడా నసుగుతున్నట్టే తోచింది. ముప్పై ఏళ్ళ స్నేహితుడిని అయిదు నిమిషాల్లో దొంగను చేసి ఫోను పెట్టేశాడు. ఇక ఢిల్లీలో తనతో మాట్లాడే మనిషి ఒక్కడు కూడా మిగల్లేదని ఆయనకు అప్పుడే తెలిసివచ్చింది.

శనివారం ఆఫీసులు లేవు. పదింటికి కూతురి గదిలోకి తొంగిచూసిన భీమశంకరం అక్కడే ఆగిపోయాడు. మంచం నిండా బట్టలు. అటక మీది పెద్ద సూట్‌కేసు నేల మీద నోరు తెరుచుకుని ఉంది. స్వెట్టర్లతో సహా సర్దుతోంది ప్రవల్లిక. రెండ్రోజుల టూరుకు స్వెట్టర్లన్నీ ఎవరూ తీసుకెళ్ళరు. ఎక్కడికని అడిగాడు.

ప్రవల్లిక చేతిలో బట్ట అలాగే పట్టుకుని తండ్రిని చూసింది. పుణేకి అంది. రేపే ప్రయాణమంది.

"రేపా? ఎన్నాళ్ళకి?"

"నాన్నా, పూర్తిగా వెళ్ళిపోతున్నాను. అక్కడ కొత్త టీం నాకిచ్చారు. పోయిన ఆదివారం చెప్పాను గదా."

భీమశంకరానికి ఒళ్ళు మండిపోయింది. తనకెవరూ చెప్పలేదన్నాడు. ఈ ఇంట్లో ఏం జరిగినా గుసగుసల్లోనే జరుగుతుందనీ, తానొకడు బతికున్నాడన్న సంగతే తల్లీకూతుళ్ళు మరిచిపోయారనీ గొంతెత్తి అన్నాడు. ఆ గొంతు తానెంత ఎత్తాడో ఆయనకు తెలియదు. పక్క క్వార్టరు వాళ్ళు కిటికీ మూసుకున్నారు. చేతిలో గరిటెతో సుభాషిణి పరుగున వచ్చింది.

"గుసగుసలా? మీకు చెప్పే ప్రతి మాటా వీధి చివరిదాకా వినబడేలా చెప్పి చెప్పి నా గొంతు పోయిందండీ. రెండేళ్ళయింది, నేనేమన్నా అలాగే అనటం తప్ప ఇంకో మాట అన్నారా? గోడతో మాట్లాడినట్టుంటే నేను మాత్రం ఎంతకాలం మాట్లాడను?"

కోపం వస్తే ప్రవల్లికకు తెలుగు పోయి హిందీ వస్తుంది. "ఆప్ సున్‌తే హీ నహీఁ హో," అంది. వినడం లేదు, వినాలనీ లేదు అంది. పొద్దస్తమానం ఆ పెట్టె తప్ప ఇంట్లో మనుషులక్కర్లేదంది. అనేసి ఏడ్చింది.

ఏడ్చే కూతురికి ఏం చెప్పాలో భీమశంకరానికి ఎప్పుడూ తెలియదు. తెలిసిందల్లా ఆ పెట్టె గురించి చెప్పుకోవటం. ఆ పెట్టె ఎవరి కోసమనుకున్నారు అన్నాడు. మీ అమ్మ గొంతు వినాలని రెండు నెలలుగా చస్తున్నాననీ, మూడుసార్లు కెపాసిటర్లు మార్చినా దుప్పటి కప్పినట్టే ఉందనీ, రాజగోపాల్ కూడా మోసం చేశాడనీ, కావాలంటే వినండనీ హాల్లోకి వెళ్ళి మీట నొక్కాడు.

ముప్పై ఏళ్ళనాటి సుభాషిణి పాట మొదలుపెట్టింది. గరిటె పట్టుకున్న సుభాషిణి అక్కడే నిలబడిపోయింది. ఆయన ఇన్నాళ్ళూ ఆ మూల కూర్చుని చేస్తున్నది ఇదా అనుకుంది. ప్రవల్లిక కళ్ళు తుడుచుకుని పెట్టె దగ్గరికి వచ్చింది.

"ఎంత బాగుంది," అంది. "అమ్మ గాజులు కూడా వినిపిస్తున్నాయి."

భీమశంకరం ఆమె ముఖం వంక చూశాడు. ఏ గాజులని అడిగాడు. తాళం వేస్తున్నప్పుడు గలగలమంటున్నాయి కదా అంది ప్రవల్లిక. సుభాషిణి కూడా తలూపింది.

"దుప్పటీ లేదు ఏమీ లేదు నాన్నా. వెనకాల ఆ ‘స్స్’ అనే చప్పుడొక్కటే ఎక్కువగా ఉంది."

క్యాసెట్టంటే ఆ చప్పుడుండాలి. టేపు కదిలితే అది పుడుతుంది. అది లేని క్యాసెట్టు లోకంలో లేదని ఎందరో కుర్రాళ్ళకు ఆయనే పాఠం చెప్పాడు. భీమశంకరం ముందుకు వంగి స్పీకరు గుడ్డకు చెవి ఆనించాడు. ఒక చెవి, తర్వాత రెండోది. పాట ఉంది. గాజులు లేవు. ఆ చప్పుడు లేదు. పై స్వరం పెంచే మరను చివరిదాకా తిప్పాడు. ఇద్దరూ చెవులు మూసుకోవటం చూశాడు. తనకేమీ మారలేదు.

నెమ్మదిగా మీట కట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. మూడుసార్లు మార్చిన కెపాసిటర్లు, చెడిపోయిందని పారేసిన కాలింగ్ బెల్లు, విజిలు రావటం లేదని వాషరు మార్పించిన కుక్కరు. ఇంట్లో ప్రతి వస్తువునూ ఆయన విప్పి చూశాడు. చెవి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ముప్పై నాలుగేళ్ళు దాని మీదే అన్నం తిన్నాడు, దాన్ని అనుమానించటం ఎలా?

"ఎండిపోయింది అవి కాదే," అన్నాడు భార్యతో. "నా చెవి."

సుభాషిణి గరిటె బల్ల మీద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. కోపంగా చూడాలని ప్రయత్నించింది గానీ కుదరలేదు. వినబడలేదని ఒక్క మాట చెప్పకూడదా అంది. చెబితే ముసలాడినని అనుకుంటారని సిగ్గేసిందన్నాడు. మీరే నెమ్మదిగా మాట్లాడుతున్నారనుకున్నానన్నాడు. తనను దూరం పెడుతున్నారనుకున్నానన్నాడు. మీరే మమ్మల్ని దూరం పెట్టారనుకున్నామంది సుభాషిణి. రెండేళ్ళపాటు ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ముగ్గురూ ఒంటరిగా తిన్నారు.

కాసేపటికి భీమశంకరం కూతురిని పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు. "ఆదివారం నువ్వేం చెప్పావో మళ్ళీ చెప్పమ్మా. మొదటి నుంచీ."

ప్రవల్లిక ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. పుణేలో పెద్ద ఉద్యోగమిచ్చారు. వెళ్ళాలనీ ఉంది, భయంగానూ ఉంది. ఆ రోజు ఆయన టంకం వేస్తుంటే వెనక నిలబడి, వెళ్ళమంటావా, ఉండమంటావా, నువ్వు వద్దంటే మానేస్తానని అడిగింది.

"నువ్వు తల కూడా ఎత్తలేదు. అలాగే అన్నావు. నేను ఉన్నా వెళ్ళినా నీకొకటే అనుకున్నాను. సోమవారం సంతకం చేసేశాను."

భీమశంకరం కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. కన్నీళ్ళు వాటంతట అవే జారాయి. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆయన ఏడవటం చూడలేదు.

"ఇప్పుడడుగు," అన్నాడు.

"ఉండమంటావా నాన్నా?"

"ఉండమనే అంటాను. నువ్వు లేకపోతే ఈ ఇల్లు నేను భరించలేను. ఆ మాట నీకు తెలియాలి. తెలిశాక వెళ్ళు. నీకు వెళ్ళాలనుందిగా, వెళ్ళు."

ప్రయాణం బుధవారానికి వాయిదా వేయటం, సోమవారం ముగ్గురూ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళటం అక్కడికక్కడే తేలిపోయాయి. ఆ సాయంత్రమే రాజగోపాల్ ఇంటికి వెళ్ళి ఎదురుగా నిలబడి క్షమించమని అడగాలని కూడా భీమశంకరం తనలో తాను అనుకున్నాడు. సుభాషిణి వంటింట్లోకి వెళ్ళబోతూ భర్త భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది.

ప్రవల్లిక లేచి తండ్రి మోకాలి దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని, తల వంచుకుని, మెల్లగా ఏదో అంది. భీమశంకరం తల అలవాటుగా ఊగబోయింది. ఊపలేదు. కూతురి గడ్డం పట్టి ముఖం పైకెత్తాడు.

"వినబడలేదమ్మా," అన్నాడు. "మళ్ళీ చెప్పు."

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పింది.