మౌరో వంతు

మౌరో పోయిన రోజు కూడా అతని అలమరలో దీపం తనంతట తానే వేళకు వెలిగింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన యానీనా, తమ్ముడి గది తలుపు సందులోంచి వస్తున్న ఊదారంగు వెలుతురు చూసి, ఒక్క క్షణం వాడు లోపలే ఉన్నాడనుకుంది. లోపల కుండీలో జానెడు గంజాయి మొక్క మాత్రం ఉంది.

అది వాడు పెంచిన మొదటి మొక్క. చట్టప్రకారం సర్కారు దగ్గర పేరు నమోదు చేయించుకుని, విత్తనాన్ని తడిగుడ్డలో మొలకెత్తించి, అలమరలో బట్టలన్నీ మంచం మీద పారేసి, గోడలకు వెండి కాగితం అంటించాడు. బయట చలికి బతకదని దానికి ఇంట్లోనే ఎండ కట్టబెట్టాడు. "వసంతానికి కోస్తా అక్కా, చూస్తూ ఉండు," అన్నాడు. ప్రమాదం జరిగిన రోజు పొద్దున మోటారుసైకిలు మీద వెళ్లాడు, మళ్లీ రాలేదు.

నెల తిరిగేసరికి కింది ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. యానీనా ఒక ఆకు తుంచి, రుమాలులో పెట్టుకుని, సాల్తో ఊరి బజారులో మొక్కల పెంపకం సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొట్లో కుర్రాడు చంకలో ఫ్లాస్కు, చేతిలో మాటె అనే ఆకు కషాయం నింపిన సొరకాయ బుర్ర పట్టుకుని నిలబడ్డాడు. పేరు ఎబెర్. ఆకును వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత ఆమెను చూశాడు, ఆకును చూసినదానికంటే కాస్త ఎక్కువసేపే.

"ఆకలేస్తోంది," అన్నాడు.

"ఎవరికి?"

"మొక్కకి. ఎరువు చాలలేదు. నాకూ వేస్తోందనుకోండి, అది వేరే సంగతి."

"మీ ఆకలి మీ అమ్మగారు చూసుకుంటారు. సీసా ఇవ్వండి."

తర్వాతి వారం మళ్లీ వెళ్లింది. "మీ ఎరువు తాగి ఇంకొన్ని ఆకులు పడుకున్నాయి. ఇది కొట్టా, కసాయి దుకాణమా?"

"అయితే దీపం మరీ దగ్గరగా ఉందేమో. కాస్త పైకి లేపండి."

"ఇదీ తప్పైతే?"

"వచ్చి తిట్టండి. శుక్రవారం అయితే తీరిగ్గా తిట్టొచ్చు, ఆ రోజు మా యజమాని ఉండడు."

కోపం తెచ్చుకుందామనుకుంది. వీధిలోకి వచ్చాక నవ్వొచ్చింది. తమ్ముడు పోయాక నవ్వడం అదే మొదలు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంది.

శుక్రవారం వాన. ఎబెర్ ఈసారి తప్పు నీళ్లదన్నాడు. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువట, వాన నీళ్లు పట్టమన్నాడు. కొట్టు చూరు కింద ఇద్దరూ ఒకే బుర్రలోంచి మాటె తాగారు. చేదు చేదుగా, వేడివేడిగా. మాటల్లో "మీరు" ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

"నీ మొక్కను నాకు చూపించవూ?"

"చూసి ఏం చేస్తావు? ఇంకో సీసా అంటగడతావు."

"ఆ నెపంతో మీ ఇల్లు చూస్తా."

అది తమ్ముడి మొక్కని ఆమె ఒక్కసారీ చెప్పలేదు. చెబితే అతని ముఖంలోకి జాలి వస్తుంది. ఆ కొట్లో ఒక్కచోటే ఆమె పోయినవాడి అక్క కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఎబెర్ వచ్చాడు. యానీనా తల్లి సుల్మా, మౌరో గదిలో అలమర పక్కనే కుర్చీ వేసుకుని, బుర్రలోని ఆకు మీద వేడి నీళ్లు వంచుతూ వంతులవారీగా మాటె పోస్తోంది. నారింజల షెడ్డులో పగలంతా పళ్లు ఏరే యానీనాకు, తల్లి రోజూ అక్కడే కూర్చుంటుందని తెలియదు. సుల్మా తను తాగింది. కూతురికిచ్చింది. అతిథికిచ్చింది. తర్వాత ఫ్లాస్కు వంచి, బుర్రెడు వేడి నీళ్లు తిన్నగా కుండీలో పోసింది.

"మొక్కకెందుకు దొన్యా సుల్మా?" అన్నాడు ఎబెర్, పెద్దావిడని గౌరవంగా పిలుస్తూ.

"మొక్కకు కాదు బాబూ. అది మౌరో వంతు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "చాలనుకున్నవాడు థాంక్స్ చెప్పి బుర్ర తిరిగిస్తాడు కదా. మావాడు చెప్పకుండానే వెళ్లాడు. అంటే ఇంకా కావాలనేగా? అక్కాతమ్ముళ్లిద్దరికీ చిన్నప్పట్నుంచీ నేనే పోశాను."

మళ్లీ ఒక వరుస తిరిగింది. మళ్లీ కుండీలో పోసింది. ఎబెర్ మట్టిలో వేలు గుచ్చాడు. పులిసిన వాసన. సన్నటి ఈగలు లేచాయి. అతను యానీనా వైపు చూడకుండా బయటికి నడిచాడు.

వెనకే వచ్చిన యానీనాతో గుమ్మం బయట అన్నాడు: "వేళ్లు కుళ్లుతున్నాయి. నీళ్లు ఆపాలి. పొడి మట్టిలోకి మార్చాలి, వెంటనే."

"ఎరువన్నావు. దీపమన్నావు. సున్నమన్నావు."

అతను మట్టి అంటిన వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మొదటి రోజే అనుమానం వచ్చింది. కొత్తగా పెంచేవాళ్లు చాలామంది నీళ్లు ఎక్కువ పోసే చంపుకుంటారు. ఎన్ని నీళ్లు పోస్తున్నారని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. తేలిపోతే నువ్వు మళ్లీ రావు."

"నన్ను రప్పించుకోడానికా?"

"మొక్కే కదా, పోతే ఇంకోటి ఇద్దామనుకున్నా. తమ్ముడిదని తెలీదు యానీనా. నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు," అంది. అది నిజమే. అదే ఆమెకు మింగుడుపడలేదు.

"నువ్వంటే నాకిష్టం. చెప్పే వేళ కాదని తెలుసు."

"తెలిస్తే నోరు మూసుకోవాల్సింది."

"మట్టి నేను తెస్తా. మీ అమ్మకు కూడా నేనే చెబుతా."

"ఏమని చెబుతావు? మీ అబ్బాయి వంతు ఆపెయ్యండి అనా?"

అతను గుమ్మం వైపు ఓ అడుగు వేశాడు.

"వెళ్లు ఎబెర్."

"మళ్లీ రావద్దా?"

ఆమె తలుపు మూసింది. గట్టిగా మూయలేదు.

మర్నాడు గుమ్మంలో కొత్త కుండీ, మట్టి సంచి ఉన్నాయి. యానీనా వాటిని పెరట్లోకి ఈడ్చింది. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేసరికి తల్లి అలమర ముందే ఉంది. మొక్కలో కొస ఆకులు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి.

"అమ్మా," అంది.

"ఏంటే?"

తల్లి తల దువ్వుకుంది. చాలా రోజుల తర్వాత శుభ్రమైన బట్టలు వేసుకుంది. ఆ ముఖంలోకి చూసి యానీనా కుర్చీ లాక్కుంది.

"ఏం లేదు. నాకూ ఒకటి పొయ్యి."

సుల్మా కూతురికి పోసి ఇచ్చింది. తర్వాత ఫ్లాస్కు కుండీ వైపు వంచింది.

మట్టి సంచి ఇంకా విప్పలేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.