అమ్మమ్మ జవాబులు

"పదికి రెండు," అంది నర్సు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి.

లిఫ్టు మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. చదువుకునే రోజుల్లో కూడా అతనికి ఇంత తక్కువ రాలేదు. పైగా ఇది తనను పెంచి పెద్దచేసిన అమ్మమ్మ గురించిన పరీక్ష.

ఆ క్లినిక్‌లో పద్ధతే అంత. మతిమరుపు జబ్బు మొదలైన పెద్దవాళ్ళు, ముందు ముందు తమకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో తెలివిగా ఉన్నప్పుడే చెప్పి సంతకం చేస్తారు. చెప్పుకోలేని రోజున తమ తరఫున మాట్లాడే మనిషిని కూడా ఎంచుకుంటారు. ఆ మనిషికి వాళ్ళ మనసు తెలుసో లేదో చూడ్డానికి ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అవే పది ప్రశ్నలకు జవాబులు రాయిస్తారు.

"మింగలేని స్థితి వస్తే గొట్టంతో ఆహారం పెట్టాలా? మీరు 'తప్పకుండా' అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టారు. మామ్మగారు 'వద్దు' అన్నారు. మనుషుల్ని గుర్తుపట్టలేనప్పుడు ఏది హాయి? మీరు రేడియో అన్నారు."

"రోజూ పొద్దున్నే పెడతానండి. మూడేళ్ళుగా."

"'ఆ రేడియో కట్టేయండి' అని రాశారావిడ."

పక్క కుర్చీలో ఉన్న అమ్మమ్మ, రిటైరైన లెక్కల టీచరు, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి వాన చూస్తోంది.

అతనికి రోషం పొడుచుకొచ్చింది. "ఆవిడ ఇంకా చక్కగా మాట్లాడుతోంది కదండీ. అప్పుడే ఈ చావు కబుర్లు దేనికి?"

"మాట్లాడుతున్నారు కాబట్టే," అంది నర్సు. "నెలలోపు సంతకం అయిపోవాలని డాక్టరుగారు చెప్పారు. ఆ తర్వాత ఆవిడకి అర్థమవుతుందో లేదో. ఈలోగా మీరు తెలుసుకోకపోతే, రేపు ఆవిడ మాట అనుకుని మీ మాటే చెప్తారు."

అతను కోపంగా చూశాడు. ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. ఎందుకంటే నర్సు అప్పటికే పెన్ను కోసం టేబులంతా గాలిస్తోంది.

"మీ జుట్టు ముడిలో ఉందండి," అన్నాడు.

ఆమె తడుముకుని తీసుకుంది. "ఈ ఒక్కటీ కరెక్టుగా చెప్పారు," అంటూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుకి అతను అక్కడికక్కడే పడిపోయాడు.

అమ్మమ్మ బుర్ర తేటగా ఉండేది పొద్దున తొమ్మిది నుంచి పదకొండు వరకే. ఆ రెండు గంటల్లో అతను రేడియో కట్టేసి, కాఫీ చేతికిచ్చి, ఒక్కొక్క ప్రశ్నా అడగడం మొదలుపెట్టాడు.

"నన్ను ఇంట్లోనే ఉంచుతానని రాశావట," అంది అమ్మమ్మ.

"మరి?"

"నువ్వు అలసిపోయి నన్ను కసిరే రోజు వస్తే, మంచి హోముకి పంపు. అప్పుడప్పుడూ వచ్చి పక్కన కూర్చో, చాలు."

"నేనెప్పుడు కసిరాను అమ్మమ్మా?"

"నిన్న. అది గుర్తుంది చూడు నాకు, అదీ విచిత్రం."

అతను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. బాధగా ఉంది, సిగ్గుగానూ ఉంది. అయినా ఆ జవాబు తు.చ. తప్పకుండా కంఠతా పెట్టాడు.

ప్రతి బుధవారం క్లినిక్‌లో మళ్ళీ అదే పరీక్ష. రెండో బుధవారం నాలుగొచ్చాయి. మూడో బుధవారం ఏకంగా తొమ్మిది. బుధవారం అంటే చాలు, అతనికి కాళ్ళు నేలమీద ఆనడం మానేశాయి. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకునేవాడు. ఏ రోగమూ లేని క్లినిక్ లిఫ్టును వారం వారం పరీక్ష చేసేవాడు.

"దీనికేమైంది?" అని అడిగింది నర్సు.

"పైకీ కిందికీ పోతోందండి."

"లిఫ్టులు చేసే పని అదేగా."

"అదే, సరిగ్గా చేస్తోందా అని."

నాలుగో బుధవారం సంతకాల రోజు. గదిలో ఆమె కుర్చీలో లావు కళ్ళద్దాల పెద్ద నర్సు కూర్చుంది. "ఆ అమ్మాయి మీ ఫైలు వద్దని నాకిచ్చేసింది. కూర్చోండి," అంది.

ఏం తప్పు చేశాడు? లిఫ్టు జోకు మరీ ఎక్కువైందా?

"అమ్మగారూ, మింగలేని స్థితి వస్తే?" అని మొదలుపెట్టింది పెద్ద నర్సు.

అమ్మమ్మ నోరు తెరిచింది. మాట దొరకలేదు. ఆ తెలివైన కళ్ళు ఒక్కసారి ఖాళీ అయ్యి, కంగారుగా మనవడి కోసం వెతికాయి. "నువ్వు చెప్పు నాన్నా."

గొట్టం పెట్టండి, ఏదైనా చెయ్యండి, ఆవిణ్ణి నాకు ఉంచండి అనాలనిపించింది అతనికి. నిజంగా అలాగే అనాలనిపించింది. కానీ గొంతు సవరించుకున్నాడు.

"గొట్టం వద్దు. చెంచాతో, ఇష్టపడినంతే పెట్టాలి. తల తిప్పుకుంటే అక్కడితో ఆపేయాలి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి."

అమ్మమ్మ మొహంలోకి మెల్లగా వెలుగొచ్చింది. "ఔను. అదే నా మాట. నేనే చెప్పాను," అంది. మిగతా తొమ్మిదీ తనే చెప్పి, పెన్ను తీసుకుని, బడిలో పెట్టినట్టే పొంకంగా సంతకం పెట్టింది.

బయట వరండాలో నర్సు నిలబడి ఉంది. మొహమంతా ఆత్రంగా ఉంది. "అయిందా?"

"అయింది. మాతో అంత విసుగొచ్చిందాండీ, ఫైలు ఇచ్చేశారు?"

"రూలండీ. సొంతవాళ్ళ ఫైలు మేం చూడకూడదు."

"మేం మీకు సొంతవాళ్ళం ఎప్పుడయ్యాం?"

ఆమె నేలచూపులు చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అతనికి అప్పుడు విషయం అర్థమైంది. "మీ గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలీదే," అన్నాడు.

"ఊహించి రాసేయకండి మరి. అడగండి, చెప్తాను."

"ఇప్పుడే అడుగు," అంది వెనక నుంచి అమ్మమ్మ, చేతికర్ర చప్పుడు చేస్తూ వచ్చి. "పదకొండు కాకముందే అడుగు. నేనూ వినాలి."

అతను అడిగాడు. మనల్ని పెళ్ళి చేసుకుంటారా అని తడబడి, నాలిక్కరుచుకుని, నన్ను అని దిద్దుకున్నాడు.

"ఊఁ," అంది నర్సు.

"వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు. సాయంత్రానికల్లా మర్చిపోయి మళ్ళీ అడుగుతాను నేను."

నర్సు వంగి ఆ ముడతల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"చేసుకుంటాను మామ్మగారూ. మీరు ఎన్నిసార్లు మర్చిపోతే అన్నిసార్లూ వచ్చి చెప్తాను."