మెషీన్లు ఆగిన మధ్యాహ్నం

"హలో మేడమ్! ఏం చేస్తున్నరు? బోర్డు పలగ్గొట్టినరు గదా!"

ముకుంద్ అరుపుకు ఆ అమ్మాయి ఉలిక్కిపడలేదు. చేతిలోని ప్లాస్టిక్ ముక్కను వెలుతురులో తిప్పి చూసింది.

"నేను పలగ్గొట్టలే. వేలు పెడితే అప్పడం లెక్క ఇరిగింది."

అది తొంభైమూడు ఏప్రిల్. ఆర్మూరులో పసుపు సీజన్ జోరుమీదుంది. కమిషన్ ఏజెంటు కాశీనాథ్ షెడ్డులో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే మెషీన్లు పొద్దంతా తిరిగేవి. బీకాం అయిపోయిన కొడుకు ముకుంద్ వాటిని చూసుకునేవాడు. ఒక స్విచ్చు పనిచేయట్లేదని అతనే కరెంటు సామాన్ల దేవిదాస్‌కు కబురు పెడితే, నిజామాబాద్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్న ఆయన కూతురు వసుమతి వచ్చింది.

"ఫైర్‌ప్రూఫ్ ప్లాస్టిక్ అని మీ బాపే అమ్మిండు," అన్నాడు ముకుంద్ ఉక్రోషంగా.

"కొత్తగున్నప్పుడు నిజమే. మంట అంటుకోకుండ అండ్ల మందు కలుపుతరు. కని ఏండ్లకేండ్లు వేడికి మగ్గితే దాని గుణం తగ్గుతది, ప్లాస్టిక్ పెళుసైతది. తెల్లబోర్డు ఎట్ల ఎర్రబారిందో చూడుండ్రి. గిప్పుడు నిప్పురవ్వ లేస్తే గిదే కాలుతది. మెషీన్లు బంద్ పెట్టుండ్రి."

"సీజన్ల బంద్ పెడితే బాపు నన్నే బంద్ పెడ్తడు!"

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"ఆ అవ్వ గోనెసంచుల నడుమ కూసున్నది. తలుపేమో గా మూలకున్నది. జర సోచాయించుండ్రి," అని వెళ్లిపోయింది.

ఆ అవ్వ లింగవ్వ. సంచులు కుడుతూ తనలో తానే పాడుకుంటోంది. చిన్నప్పుడు ముకుంద్‌ను చంకనేసుకుని తిప్పిన మనిషి. అతను వెళ్లి బోర్డు మీద చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది. తండ్రి పనిమీద మోర్తాడ్ ఊరికి వెళ్లాడు, అడగడానికి లేడు. ముకుంద్ మెయిన్ స్విచ్చు ఆపేశాడు. షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది.

స్కూటర్ వేసుకుని దేవిదాస్ దుకాణానికి పోయి, "బంద్ పెట్టిన మేడమ్," అన్నాడు.

"నిజంగనా?" అంటూ అప్పుడు నవ్వింది వసుమతి.

ఆమె వచ్చి బోర్డు విప్పించేసరికి కాశీనాథ్ తిరిగొచ్చాడు.

"ఎవల్నడిగి బంద్ పెట్టినవ్ రా?"

ముకుంద్ బోర్డు వెనుకభాగం చూపించాడు. ప్లాస్టిక్ మాడి బొగ్గైపోయింది. దాని కింది చెక్క కూడా నల్లగా కమిలింది. కాశీనాథ్ తల తిప్పి, గోనెసంచుల నడుమ కూర్చున్న లింగవ్వను చూశాడు.

"కొత్తది పెట్టు బిడ్డా," అన్నాడు వసుమతితో.

కొత్త బోర్డు వచ్చింది గానీ, ముకుంద్ ఆమెకు కబురు పెట్టడం ఆపలేదు. ఓసారి హోల్డర్, ఓసారి ఫ్యూజు. తొలకరి రేకుల మీద దరువేస్తున్న రోజున మళ్లీ పిలిచాడు. వసుమతి తడిసిన చున్నీ పిండుకుంటూ వచ్చి బోర్డు తాకింది.

"సల్లగనే ఉన్నది గదా! వానల ఎందుకు పిలిచినట్టు?"

"చూడబుద్దైంది."

"బోర్డునా?"

"నిన్ను." ముకుంద్ అనేశాడు. "పెండ్లి చేసుకుంటవా?"

వసుమతి స్విచ్చు ఒకటి వేసి, ఆర్పి, మళ్లీ వేసింది. ముకుంద్‌కు ఆ చప్పుళ్లన్నీ గుండెలోనే వినిపించాయి.

"నన్నైతే అడిగినవ్. ఇగ మా బాపును అడుగు," అంది తల ఎత్తకుండా.

"నేనడుగుత తియ్యి!" పసుపు రాశి అవతలి నుంచి కాశీనాథ్ గొంతు వినిపించింది. "వీడు అడిగేవరకు మళ్ల వానకాలం వస్తది!"

లింగవ్వ పకపకా నవ్వింది. వసుమతి వానలోకే పరుగెత్తింది. ఎన్నేళ్లయినా ఆ వాన తలుచుకుంటే ముకుంద్‌కు గుర్తొచ్చేది ఒక్కటే: అంతవరకూ 'మీరు' అన్న పిల్ల, ఆ రోజే మొదటిసారి 'నువ్వు' అన్నట్టుగా 'అడిగినవ్' అంది.