పీచ్ పళ్ళ డబ్బా

నెరిస్ అలమర తలుపు తీసింది. పీచ్ పళ్ళ డబ్బా లేదు! ఇంట్లో మిగిలిన ఆఖరి తిండి అదే... కూతురి రాత్రి భోజనానికని దాచిన డబ్బా!

"క్యాడీ! డబ్బా ఏదే?"

"చాపెల్‌లో దేవుడి బల్లకి ఇచ్చేశానమ్మా. ఇవాళ పంటల పండగ కదా! అందరూ తలో డబ్బా తెచ్చారు. నేనొక్కదాన్నే ఉత్తచేతులతో వెళ్ళనా?" అంది ఏడేళ్ళ క్యాడీ.

నెరిస్ చెయ్యి లేచింది... మళ్ళీ ఆ చేత్తోనే నోరు నొక్కుకుని కుర్చీలో కూలబడింది. భర్త పోయినప్పటినుంచీ వృద్ధాశ్రమంలో ఊడ్చే పని. ఒక వారం పిలుస్తారు, ఒక వారం పిలవరు. ఉన్నది పిల్లకి పెట్టి, "నేను పనిలో తినేశాను" అని అబద్ధమాడడం ఆమెకి అలవాటైపోయింది. మొన్న క్లినిక్‌లో నర్సు "దీన్నే ఆహార అభద్రత అంటారమ్మా" అంటే ఎంత మండిపడింది! "మా ఇంట్లో తిండికేం లోటు లేదు!" అంది. "కంచం ఖాళీగా ఉండటమే కాదమ్మా... రేపు ఉంటుందో లేదోనని ఇవాళ నోరు కట్టుకోవడం కూడా అదే" అంది నర్సు నెమ్మదిగా. ఆ మాట అత్తగారి చెవిన పడుతుందేమోనని అప్పటినుంచీ ఒకటే భయం!

అంతలో తలుపు తోసుకుని అత్తగారు ఐర్వెన్ రానే వచ్చింది. చాపెల్‌లో పండగ బల్ల సర్దేది ఆవిడే. చేతిలో అదే డబ్బా!

"ఇవన్నీ ఎవరికి నానమ్మా అని అడిగింది నీ కూతురు. ఇంట్లో తిండి లేనివాళ్ళకి తల్లీ అన్నాను. 'అయితే మాది మాకిచ్చేస్తావా?' అందే... అందరి ముందూ! నేను డబ్బా వెతికి తీసేలోగా అది ఇంటికి పరిగెత్తుకొచ్చేసింది..."

"మీ పరువు తీశాం అత్తయ్యా..."

"పరువు తగలెయ్యి! ఆదివారం నా ఇంట్లో నువ్వు మాంసం ముక్కలు పక్కకి నెట్టి, రాత్రికి క్యాడీకి పట్టుకెళ్తానంటే... నా వంట నచ్చక వంకలు చెబుతున్నావనుకున్నానే! నా కొడుకు పోయాడు గానీ నేను పోయానా? ఒక్క మాట చెప్పలేకపోయావా, పిచ్చిదానా!" ఐర్వెన్ కోడల్ని గుండెలకి హత్తుకుని బావురుమంది. "రేపటినుంచి ముగ్గురికీ నా పొయ్యి మీదే వంట. విన్నావా?"

ఆవిడే డబ్బా మూత తీసి, పిల్లకి పెట్టి, నెరిస్ చేతికి గిన్నె ఇచ్చింది. "నేను చూస్తుండగా తిను!"

నెరిస్ కన్నీళ్ళతోనే రెండు ముక్కలు తింది. తరవాత గిన్నె మీద సాసరు బోర్లించింది.

"అదేంటే?"

"రేపటికి..."

"రేపు నేను వండుతానన్నాను కదే!"

"తెలుసు అత్తయ్యా..." అంది నెరిస్. అయినా సాసరు మీంచి చెయ్యి తియ్యలేకపోయింది.